గీత గీసినవారి మాటే చెల్లాలా?

కాంబోడియాకూ థాయిలాండుకూ మధ్య డాంగ్రెక్ కొండల అంచున, కింది మైదానానికి ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున, ప్రేహ్ విహార్ అనే శివాలయం ఉంది. ఖ్మేర్ రాజులు కొన్ని తరాల పాటు కట్టిస్తూ వచ్చిన గుడి అది. అప్పట్లో కాంబోడియాను ఏలుతున్న ఫ్రెంచివారూ, సయాం అని పిలిచే నాటి థాయిలాండూ 1904లో ఒక ఒప్పందం రాసుకున్నారు. కొండ మీద పడిన వాన ఎటు పారితే ఆ నేల అటువైపు వారిది, నీళ్ళు విడిపోయే గట్టే సరిహద్దు అన్నది దాని సారం. ఆ గట్టును కొలిచి పటం గీసే సాధనాలు తమ దగ్గర లేకపోవడంతో సయాం ఆ పనిని ఫ్రెంచి అధికారులకే అప్పగించింది. 1908లో పారిస్‌లో అచ్చయి వచ్చిన పటాల్లో గుడి కాంబోడియా వైపు పడింది. సయాం మంత్రిగా ఉన్న రాజకుమారుడు దామ్రోంగ్ ఫ్రెంచి రాయబారికి కృతజ్ఞతలు చెప్పి, తమ గవర్నర్లకు పంపడానికి మరో పదిహేనేసి ప్రతులు అడిగాడు. పాతికేళ్ళు గడిచాక సయాం సొంతంగా కొలిపించుకుంటే, కాగితం మీది గీతకూ కొండ మీది గట్టుకూ పొంతన కుదరలేదు. వివాదం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1962 జూన్ 15న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలిచిన తీర్పులో గుడి కాంబోడియాకు దక్కింది. నీళ్ళు నిజంగా ఎక్కడ విడిపోతున్నాయో తేల్చే అవసరం లేదని కూడా అదే తీర్పు చెప్పింది. పటం చేతికి అందిన నాడు అభ్యంతరం చెప్పలేదు, ఏళ్ళ తరబడి దాన్ని ఒప్పుకున్నట్టే నడుచుకున్నారు, కాబట్టి ఇప్పుడు కాదనడానికి వీల్లేదన్నది న్యాయస్థానం చూపిన కారణం.

తీర్పు వచ్చినా తగువు తెగలేదు. 2008లో ఆ గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరగానే సరిహద్దులో కాల్పులు మొదలై 2011 దాకా సాగాయి. 2025లో ఆ రెండు దేశాల సైన్యాలూ సరిహద్దు పొడవునా మళ్ళీ కొట్టుకున్నాయి. కాంబోడియా నేటికీ ఫ్రెంచివారు రెండు లక్షలకు ఒకటి వంతున గీసిన పటాన్నే చూపిస్తుంది. థాయిలాండు యాభై వేలకు ఒకటి వంతున తాను తయారు చేసుకున్న పటాన్ని చూపిస్తుంది. మొదటి పటంలో ఒక మిల్లీమీటరు మందాన పడిన సిరా గీత కొండ మీద రెండు వందల మీటర్ల మేర ఆక్రమిస్తుంది. ఆ మందంలోనే ఒక పల్లె ఇమిడిపోగలదు. ఈ ఉదంతంలో నన్ను కలవరపెట్టేది గుడి ఎవరికి దక్కిందన్నది కాదు. ఖ్మేర్ రాజులు కట్టిన గుడి కాంబోడియాకు చెందడంలో అన్యాయమేమీ నాకు కనబడదు. ఒప్పందంలో రాసుకున్న మాట మీదా, కొండ ఆకారం మీదా, ఆ చుట్టుపక్కల బతికినవారి వాడుక మీదా ఒక పరాయి ప్రభుత్వపు అధికారులు గీసిన పటం గెలిచిందే, అదీ నా ఆందోళన. వలస పాలకుల పటాన్ని మనం ఒక సాక్షి వాంగ్మూలంగా తీసుకోవాలి. ఎవరు గీయించారు, ఎందుకు గీయించారు, ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు అని విచారించాకే దానికి విలువ కట్టాలి. ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ ప్రభుత్వాలు, న్యాయస్థానాలు, పత్రికలు దాన్ని తీర్పుగానే చలామణి చేస్తున్నాయి. ఈ అలవాటు మన తెలుగు నేల మీద కూడా మనుషులను ఇబ్బంది పెడుతోంది.

పటం ఎందుకు గీస్తారన్న దగ్గర మొదలుపెడదాం. ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ దివానీ దక్కిన రెండేళ్ళకే, 1767లో, క్లైవ్ జేమ్స్ రెన్నెల్‌ను బెంగాల్ సర్వేయర్ జనరల్‌గా నియమించాడు. శిస్తు వసూలు చేసుకోవాల్సిన నేల ఎంతుందో, సైన్యం ఏ దారిన నడవాలో, సరుకు పడవలు ఏ కాలువలో పోతాయో కంపెనీకి తెలియాలి. రెన్నెల్ 1779లో బెంగాల్ అట్లాసునూ, 1782లో హిందూస్థాన్ పటాన్నీ వెలువరించాడు. ఆ రెండో పటం మూల బ్రిటానియా దేవత ముందు పండితులు తమ శాస్త్ర గ్రంథాలను సమర్పిస్తున్నట్టు ఒక బొమ్మ ఉంటుంది. పటం ఎవరి చూపుతో తయారైందో ఆ బొమ్మే చెబుతోంది. దక్కను లోపలి భాగాన్ని నింపడానికి రెన్నెల్ ఆధారపడిన వాటిలో ఫ్రెంచి సేనాని బుస్సీ దండు నడిచిన దారుల కొలతలు ఉన్నాయి. దండు నడిచిన దారి పక్క ఊళ్ళకు పటంలో చోటు దొరికింది, దండు తొక్కని ఊళ్ళకు దొరకలేదు. రెన్నెల్ నిజాయితీ గల పనివాడు. తనకు సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో పటంతో పాటు వేసిన పుస్తకంలో ఓపిగ్గా రాసుకున్నాడు. తర్వాతి వారు పటాన్ని మాత్రం తీసుకుని ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేశారు. ఖాళీగా కనబడిన చోటల్లా నిజంగానే ఎవరూ లేరన్న భ్రమ అలా పుట్టింది.

కొలతకన్నా ముందే స్వాధీనం జరిగిపోయిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1765 ఆగస్టులో మొగలు చక్రవర్తి షా ఆలం అలహాబాద్‌లో కంపెనీకి ఉత్తర సర్కారులను రాసిచ్చాడు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అనే ఆ ఐదు సర్కారుల మీద ఆ చక్రవర్తికి అప్పటికి మిగిలిన అధికారం నామమాత్రం. అసలు ఏలిక నిజాం. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1753లో, ఇవే సర్కారులను నిజాం సలాబత్ జంగ్ బుస్సీ సైన్యం ఖర్చు కింద ఫ్రెంచివారికి ఇచ్చి ఉన్నాడు. 1759లో ఇంగ్లీషు సైన్యం మచిలీపట్నం కోటను పట్టుకుంది. ఫర్మానా వచ్చినా నిజాంతో 1766లో వేరే ఒప్పందం చేసుకుని ఏటా సొమ్ము చెల్లిస్తామంటే గానీ కంపెనీకి కుదరలేదు. గుంటూరు 1788 దాకా చేతికి రానే లేదు. ఇన్ని మలుపుల్లో ఒక్క రైతును, ఒక్క జమీందారును, కొండల్లోని ఒక్క ముఠాదారును అడిగింది లేదు. ఇప్పుడు పుస్తకాల్లో అచ్చయ్యే పటాల్లో ఉత్తర సర్కారులు 1765 నుంచే ఒకే రంగులో, చుట్టూ గట్టి గీతతో కనబడతాయి. ఆ రంగు ఎవరి కోరికో, ఏ సంవత్సరానికి ఎంతవరకు నిజమో పటం కింద ఎవరూ రాయరు.

వ్యాపార మార్గాల పటాలకూ ఇదే వర్తిస్తుంది. మచిలీపట్నానికి డచ్చివారు పదిహేడో శతాబ్దం మొదట్లోనే వచ్చారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. వారికి కావలసింది రేవు. నీటి లోతెంత, ఇసుక మేట ఎక్కడుంది, గోదావరి పాయ ఎక్కడ సముద్రంలో కలుస్తుంది అన్నది బారల లెక్కన రాసుకున్నారు. కలంకారీ అద్దిన చేతులు, నేత మగ్గాలు ఏ ఊళ్ళో ఉన్నాయో సముద్ర పటానికి పట్టదు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు మడపొల్లం అన్న బట్ట పేరై ప్రపంచమంతా తిరిగింది, నేసినవారి ఊళ్ళు మాత్రం ఆ పటాలకు ఎక్కలేదు. ఆ రేవుల తలరాత కూడా దూరాన ఎక్కడో రాశారు. 1824 మార్చిలో ఇంగ్లీషువారూ డచ్చివారూ లండన్‌లో చేసుకున్న ఒక్క ఒప్పందంతో భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం, పాలకొల్లు, పులికాట్ వంటి డచ్చి స్థావరాలు ఇంగ్లీషువారికి దక్కాయి. సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివారికి వెళ్ళింది. అదే కాగితం సింగపూరు జలసంధికి దక్షిణాన ఉన్న దీవులను వేరు చేసి మలయ జనాన్ని రెండు సామ్రాజ్యాల కింద పంచింది. నేటి మలేషియా, ఇండోనేషియాల సరిహద్దుకు పునాది అక్కడే పడింది. పాలకొల్లు నేతగాడికీ రియావు దీవుల జాలరికీ పరిచయం లేదు గానీ ఇద్దరినీ ఒకే సంతకం అటూ ఇటూ మార్చింది. గోదావరి పాయ పక్కన యానాం చుట్టూ ఫ్రెంచివారి గీత 1954 దాకా నిలిచింది. వారు వెళ్ళాక కూడా అది పుదుచ్చేరి పరిపాలన కిందే మిగిలింది. యానాం ప్రజలు ఆ ప్రత్యేకతను ఇష్టపడితే అది వారి హక్కు. అది వారి నిర్ణయం కాబట్టే గౌరవిస్తాను, ఫ్రెంచి కంపెనీ గిడ్డంగి హద్దు కాబట్టి కాదు.

ఇంతవరకు చెప్పింది వింటే వలస పటాలన్నిటినీ తీసిపారేయమంటున్నట్టు అనిపించవచ్చు. అలా అనుకోకూడదనే కాలిన్ మెకంజీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. స్కాట్లండ్ వాయవ్యాన లూయిస్ దీవిలో పుట్టి 1783లో మద్రాసు చేరిన ఈ ఇంజనీరు మన ప్రాంతంలో పటాల పని నేర్చుకున్నాడు. నిజాం రాజ్యంలో కొలిచాడు, టిప్పు సుల్తాను పతనమయ్యాక మైసూరు దేశమంతా పదేళ్ళ పాటు కొలిపించాడు, 1815లో భారతదేశానికంతటికీ మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మిగతా సర్వేయర్లు కొండ, ఏరు, దారి, కోట రాసుకుని వెళ్ళిపోయిన చోట ఇతను ఇంకో పని కూడా చేయించాడు. ఊరు ఎప్పుడు పుట్టింది, ఎవరెవరు ఏలారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎంత, పొలిమేర ఎక్కడ, శిస్తు ఎలా మారుతూ వచ్చింది అని కరణాలనూ పెద్దలనూ అడిగించి రాయించాడు. కైఫీయత్తులని మనం పిలిచేవి అవే.

ఆ అడిగే పని చేసినవారు తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, మరాఠీలు. వారిలో ముందు నిలిచేది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. మెకంజీకి మన భాషలు రావు. భారతీయ విజ్ఞానంలోకి తనకు తలుపు తెరిచింది కావలి వెంకట బొర్రయ్య అని అతనే ఒక లేఖలో ఒప్పుకున్నాడు. బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్ళు కూడా నిండకుండా పోయాడు. ఆ పనిని తమ్ముడు లక్ష్మయ్య నెత్తిన వేసుకుని మెకంజీ బతికున్నన్నాళ్ళూ నడిపించాడు. 1821లో మెకంజీ చనిపోయేనాటికి పోగుపడిన భాండాగారంలో 8,076 శాసనాల ప్రతులు, రెండు వేలకు పైగా స్థానిక చరిత్రలు ఉన్నాయి. కంపెనీ దాన్ని అతని భార్య దగ్గర లక్ష రూపాయలకు కొంది. కొన్నాక ఏం చేసింది? కొలతలూ పటాలూ వెంటనే అక్కరకు వచ్చాయి. కైఫీయత్తులు లండన్, కలకత్తా, మద్రాసుల మధ్య చీలిపోయి మూటల్లో పడి ఉండిపోయాయి. వాటిని చదివి పరిష్కరించే పని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. దేశీయుడు ఈ పనికి నాయకత్వం వహించలేడని ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ తోసిపుచ్చాడు. అశోకుని బ్రాహ్మీ లిపిని చదివిన ప్రిన్సెప్ విద్వత్తు మీద నాకు గౌరవం ఉంది. ఈ ఒక్క నిర్ణయం మాత్రం తెలుగువారి చరిత్రకు చాలా చెడుపు చేసింది. ఆ కాగితాల్లోని మనుషులతో కూర్చుని మాట్లాడినవాడు బతికుండగానే అతన్ని పక్కకు నెట్టేశారు. శిథిలమైపోతున్న ప్రతులను సి.పి. బ్రౌన్ తిరగరాయించకపోతే ఇప్పుడు మనకు మిగిలేది ఇంకా తక్కువ.

కావలి వారి ఇంట్లో ఇంకో సోదరుడు రామస్వామి చేసిన పని నన్ను మరీ ఆకట్టుకుంటుంది. అతను 1827లో కలకత్తాలో ప్రాచీన దక్కను విభాగాల పటం ఒకటి వేయించి, మరుసటి ఏడు దానికి తోడుగా అందులోని నగరాల, స్థలాల చరిత్ర రాసి అచ్చు వేయించాడు. పటంతో పాటే అందులోని ఊళ్ళ కథ కూడా చదువుకోవాలన్న పద్ధతిని ఒక తెలుగువాడు రెండు వందల ఏళ్ళ క్రితమే ఆచరించి చూపించాడు. కంపెనీ దగ్గర పదేళ్ళు, ఇరవై ఏళ్ళు పనిచేసిన కుటుంబం అది. పటం బలం వారికి తెలుసు, దాని లోటూ తెలుసు. మెకంజీ పటాన్ని అతని కైఫీయత్తుల నుంచి విడదీసి చదవడమంటే సగం సాక్ష్యాన్ని దాచి తీర్పు చెప్పడమే.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది విజ్ఞాన శాస్త్రం పేరిట వస్తుంది. 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర పరంగిమలై వద్ద గొలుసు పరిచి ఏడున్నర మైళ్ళ ఆధార రేఖ కొలిచిన విలియం లాంబ్టన్‌ను గుర్తు చేస్తారు. అర టన్ను బరువున్న కోణమాపకాన్ని కొండల మీదికీ గోపురాల మీదికీ ఎక్కించి, త్రిభుజం వెంట త్రిభుజం అల్లుకుంటూ వెళ్ళి, మద్రాసు నుంచి మంగళూరుకు ద్వీపకల్పం వెడల్పు అనుకున్న నాలుగు వందల మైళ్ళు కాదు, సుమారు మూడు వందల అరవై అని తేల్చాడు. ఇంతటి శ్రద్ధతో చేసిన పనిని అనుమానించడం అజ్ఞానం కాదా అంటారు. ఆ కొలతను నేను అనుమానించడం లేదు, తలవంచి ఒప్పుకుంటాను. ఆ గొలుసులు మోసిన, జెండాలు పట్టుకున్న, జ్వరాలతో అడవుల్లో చనిపోయిన పేరు తెలియని కూలీల శ్రమకు కూడా ఆ గౌరవంలో వాటా ఉంది. అయితే త్రిభుజాల లెక్క కొండ ఎక్కడుందో చెబుతుంది. ఆ కొండ ఎవరిదో, దాని మీద వెదురు కొట్టుకునే హక్కు ఎవరికుందో, వానాకాలంలో ఏ ఊరి పశువులు అక్కడికి వెళ్తాయో చెప్పదు. సరిహద్దు గీత కొలత ఫలితం కాదు, అది ఒక నిర్ణయం. కొలతకున్న ప్రతిష్ఠను నిర్ణయానికి అంటగట్టడం వల్లనే వలస పటాలకు ఇంత మర్యాద దక్కింది. ప్రేహ్ విహార్ దగ్గర జరిగిందీ ఇదే. పటం శాస్త్రీయంగా కనబడింది కాబట్టి సయాం దాన్ని పరిశీలించకుండానే ఒప్పుకుంది.

రెండో అభ్యంతరం బరువైనది. పాత గీతలను కదిపితే ప్రపంచం రక్తసిక్తమవుతుంది, ఏదో ఒక చోట ఆగాలి, ఉన్న గీత దగ్గరే ఆగుదాం అన్నది దాని సారాంశం. ఆఫ్రికా దేశాలు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1964లో కైరోలో సమావేశమై, వలస పాలకులు వదిలిపోయిన సరిహద్దులనే గౌరవిస్తామని తీర్మానించుకున్నాయి. అంతమంది నాయకులు అవమానాన్ని దిగమింగి చేసుకున్న వివేకవంతమైన నిర్ణయం అది. 1947లో సిరిల్ రాడ్‌క్లిఫ్ ఐదు వారాల్లో గీసిన గీత ఎంత నెత్తురు పారించిందో ఈ ఉపఖండానికి వేరే చెప్పనక్కర్లేదు. దాన్ని ఇప్పుడు చెరపాలనడం ఇంకెంత నెత్తురు అడుగుతుందో కూడా తెలుసు. సరిహద్దులను తిరగరాయమని నేనూ అనడం లేదు. శాంతి కోసం ఒక గీతను ఒప్పుకోవడం వేరు, ఆ గీతను సత్యమని నమ్మడం వేరు. ఈ తేడాను అంతర్జాతీయ న్యాయస్థానమే తర్వాత గుర్తించింది. బుర్కినా ఫాసో, మాలీ దేశాలు 1985 డిసెంబరులో యుద్ధానికి దిగిన సరిహద్దు గురించి 1986లో తీర్పు చెబుతూ, పటం దానంతట అదే నేల మీద హక్కు పత్రం కాజాలదని, ప్రభుత్వాల అధికారిక నిర్ణయంలో భాగమైతే తప్ప అది కేవలం సమాచారమేనని, దాని విశ్వసనీయత ఒక్కో సందర్భంలో ఒక్కోలా ఉంటుందని స్పష్టం చేసింది. 1962 నుంచి 1986కు న్యాయశాస్త్రం నడిచిన ఆ దూరాన్ని మన వార్తాపత్రికలు, మన సభల్లో పాత పటం ఊపుతూ మాట్లాడే నాయకులు ఇంకా నడవలేదు.

మూడోది నాకు బాగా నచ్చిన అభ్యంతరం, ఎందుకంటే అందులో నిజముంది. ఊరి పెద్దలు చెప్పే మాట మాత్రం స్వచ్ఛమైనదా? కైఫీయత్తులు రాయించింది ఎక్కువగా కరణాలు. గుంటూరు సీమ కైఫీయత్తుల్లో కరణికపు మిరాశీలను కాకతీయుల నాటి గోపరాజు రామన ధర్మంగా వెనక్కి జరుపుకోవడం పదే పదే కనబడుతుంది. తమ హక్కుకు పురాతనత్వం కట్టబెట్టుకోవాలన్న ఆశ అందులో దాగి లేదు, పైకే తేలి ఉంది. పాలేరు మాట, ఆడవారి మాట, వెలివాడ మాట వాటిలో దాదాపు వినబడవు. కాబట్టి కైఫీయత్తూ సాక్ష్యమే, దాన్నీ పటాన్ని అడిగినట్టే అడగాలి. ఇద్దరు సాక్షులకూ సొంత ప్రయోజనాలుంటే ఒకరి మాటనే నమ్మడం ఏ న్యాయం? ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాలి, శాసనాన్ని మూడో సాక్షిగా పిలవాలి. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో దానమిచ్చిన ఊరి ఎల్లలు తూర్పున ఫలానా ఊరు, దక్షిణాన ఫలానా చెరువు, పడమట ఫలానా చెట్టు అని దిక్కు దిక్కునా రాసి ఉంటాయి. అక్కడ నిలబడి చుట్టూ చూసిన మనిషి చెప్పిన హద్దులవి. నోటి మాటకు చట్టంలో చోటెక్కడ అనేవారికి జవాబు మన చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద చేసిన నియమాలు, సర్కారు రికార్డులతో పాటు ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలాన్ని కూడా ఆధారంగా అంగీకరిస్తాయి. ఉపగ్రహ చిత్రం వంటివి మిగతా ఆధారాలకు తోడు నిలవాలే గానీ వాటి స్థానాన్ని ఆక్రమించకూడదని కూడా ఆ నియమాల్లో చేర్చారు. అడవి బిడ్డల పోడు భూమికి ఒప్పుకున్న సూత్రాన్ని ఊళ్ళ సరిహద్దుకు ఒప్పుకోకపోవడానికి కారణం నాకు కనబడదు.

ఈ సూత్రం అత్యవసరమైన చోటు కొటియా. ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరు మండలానికీ ఒడిశా కోరాపుట్ జిల్లాలోని పొట్టంగి సమితికీ నడుమ కొండల్లో 21 ఊళ్ళున్నాయి. జయపురం సంస్థానం, సాలూరు, పార్వతీపురం అన్నీ ఒకప్పుడు మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లాలో భాగాలే. అందుకే ఆ కొండల్లో ఒక ఊరి హద్దు ఎటు అన్నది దూరాన ఉన్న అధికారికి పెద్ద ప్రశ్న కాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు జయపురం ప్రాంతం అటు వెళ్ళింది. హద్దు గీసే క్రమంలో ఈ ఊళ్ళను సర్వే చేయకుండా వదిలేశారు. గీత తప్పుగా పడడం ఒక రకం అన్యాయమైతే, అసలు ఎవరూ వచ్చి చూడకపోవడం ఇంకో రకం. వివాదం 1968లో సుప్రీంకోర్టుకు చేరి, యథాతథ స్థితి కొనసాగించాలన్న ఉత్తర్వు వచ్చింది. 2006లో కోర్టు దీన్ని తేల్చాల్సింది తాను కాదని చెప్పింది. 2021లో అక్కడ ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు పెట్టినందుకు ఒడిశా మళ్ళీ కోర్టుకు వెళ్ళింది. ఈలోగా అక్కడి ఆదివాసులకు రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు. రెండు వైపుల పథకాలూ అందుతున్నాయి కదా, నష్టమేముంది అనే మాట అప్పుడప్పుడు వినబడుతుంది. భూమి పట్టా ఎవరిస్తారు, ఇచ్చిన పట్టా అవతలి రాష్ట్రంలో చెల్లుతుందా, నేరం జరిగితే ఏ ఠాణాకు వెళ్ళాలి, పిల్లవాడి కుల ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలి అన్నవాటికి జవాబు లేని పౌరసత్వం సగం పౌరసత్వమే. ఎన్నికలొచ్చినప్పుడల్లా రెండు వైపుల నుంచీ అధికారులు బోర్డులు పాతుతారు, ఒకరు పాతింది మరొకరు పీకుతారు.

ఈ వివాదంలో రెండు ప్రభుత్వాలూ పాత పటాల కోసం, పాత గెజెట్ల కోసం వెతుకుతున్నాయి. దొరకని కాగితం కోసం ఇన్ని దశాబ్దాలు ఎదురుచూడడం నా దృష్టిలో బాధ్యతను తప్పించుకోవడమే. వలస సర్కారు కొలవని నేలకు వలస సర్కారు పటంలో జవాబు ఎలా దొరుకుతుంది? జవాబు ఆ 21 ఊళ్ళలోనే ఉంది. ఏ సంతకు వెళ్తారు, పెళ్ళి సంబంధాలు ఎటు కలుపుకుంటారు, ఏ కొండ దేవతకు ఏ ఊళ్ళు కలిసి మొక్కుతాయి, పాతకాలంలో శిస్తు ఎవరికి కట్టారు, పిల్లలను ఏ భాషలో చదివించాలనుకుంటున్నారు, ఇప్పుడు ఎటు ఉండాలనుకుంటున్నారు అని ఇంటింటికీ వెళ్ళి అడగాలి. ఆడవారిని విడిగా అడగాలి, ఎందుకంటే కరణం మాటే ఊరి మాట అనుకున్న పొరపాటు మళ్ళీ చేయకూడదు. చెప్పింది కువి, ఒడియా, తెలుగు భాషల్లో రాసి వారికే చదివి వినిపించాలి. ఆ తర్వాతే కొలత గొలుసు దిగాలి. ఒక ఊరి మొగ్గు ఒడిశా వైపు తేలితే దాన్ని ఒప్పుకునే ధైర్యం ఆంధ్రప్రదేశ్‌కు ఉండాలి, ఇటు తేలితే ఒడిశాకు ఉండాలి. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది కాబట్టి చివరి మాట అక్కడి నుంచి రావచ్చు. పార్లమెంటు ముందుకు వెళ్ళే దస్త్రంలో మాత్రం ఆ ఊళ్ళవారి వాంగ్మూలం మొదటి పుటలో ఉండాలి, పటం అనుబంధంగా వెనక ఉండాలి.

రాష్ట్ర ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని ఇంకొకటి మిగిలి ఉంది. కడపలోని బ్రౌన్ కేంద్రం ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేసి గొప్ప సేవ చేసింది. మద్రాసు, లండన్ గ్రంథాలయాల్లో మెకంజీ, అతని తోటి సర్వేయర్లు గీయించిన పటాలున్నాయి. ఇప్పటిదాకా పటాలను ఒకచోట, కైఫీయత్తులను ఇంకోచోట విడివిడిగానే చూస్తున్నాం. ఊరి పేరు నొక్కితే ఆ ఊరి పాత పటమూ, దాని కైఫీయత్తూ, అక్కడి శాసనమూ పక్కపక్కనే కనబడేలా, తెలుగులో, అందరికీ ఉచితంగా పెట్టడం నేటి సాంకేతికతకు కష్టమైన పని కాదు. ఎవరు కొలిచారో, ఏ సంవత్సరంలో, ఎవరి ఆదేశం మీద, ఎవరిని అడిగి అన్నది ప్రతి పటం కింద రాయాలి. బడిపిల్లల చరిత్ర పుస్తకంలో వేసే ఉత్తర సర్కారుల పటంతోనే ఈ అలవాటు మొదలుపెట్టవచ్చు. కొటియాకైతే ఆ పాటి సాంకేతికత కూడా అక్కర్లేదు. పార్వతీపురం మన్యం కలెక్టరూ కోరాపుట్ కలెక్టరూ ఒకే రోజున ఒకే ఊరికి వెళ్ళి, ఊరివారు చెప్పేది ఒకే పుస్తకంలో రాయించి, ఇద్దరూ దాని కింద సంతకం చేయడానికి ఏ కోర్టు ఉత్తర్వూ అడ్డు రాదు.